కొండదారి కాపుదారులు

బ్రిటన్‌లో శిలారోహకులు ఎక్కే కొండచరియల్లో చాలావాటి దాకా తారు రోడ్డు పోదు. అది ఊరి చివర ఏ గొర్రెల దొడ్డి గేటు దగ్గరో ఆగిపోతుంది. అక్కడి నుంచి పైకి కంకర బాటే దిక్కు. ఎప్పుడో పలకరాళ్ల గని కోసమో, అడవి కలప దించడానికో, కొండమీది మేతకు పశువులను తోలడానికో వేసిన బాట అది. గని మూతపడింది, కలప బళ్లు ఆగిపోయాయి, బాట మాత్రం మిగిలింది. సెలవు రోజుల్లో తాళ్లు, హెల్మెట్లు మోసుకొచ్చే కార్లు ఇప్పుడు దానిమీద నడుస్తున్నాయి. ఆ బాటను బాగుచేసే బాధ్యత తీసుకున్నవాళ్లలో చాలామంది జీతం లేకుండా పలుగూ పారా పట్టిన సామాన్యులే. తెలుగునాట శ్రమదానం అనే పనికి అక్కడ చాలా కాలంగా, ఎంతో పద్ధతిగా కొనసాగిన ఉదాహరణలు ఉన్నాయి.

భువనగిరిలో రాక్ క్లైంబింగ్ నేర్చుకునే పిల్లలకు ఈ సమస్య తెలియదు. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కడానికి ముందు శిక్షణ పొందిన ఆ కోటగుట్ట ఊరిని ఆనుకునే ఉంది, రైలు దిగినా నడిచి చేరవచ్చు. ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండ్‌లలో బండలు ఊళ్లకు దూరంగా, బురద నేలల అవతల, ఎవరో ఒకరి సొంత భూమిలో ఉంటాయి. అందుకే అక్కడ ఎక్కడం ఎంత ముఖ్యమో చేరుకోవడమూ అంతే ముఖ్యం.

చట్టం ఇందులో సగమే తోడ్పడుతుంది. 1932 ఏప్రిల్‌లో కిండర్ స్కౌట్ కొండమీదికి పాదచారులు మూకుమ్మడిగా చొరబడి, కొందరు జైలుకు కూడా వెళ్లిన తరువాత చాలా దశాబ్దాలకు, 2000లో వచ్చిన చట్టం ఇంగ్లండు, వేల్స్‌లలోని కొండ, బీడు భూముల్లో కాలినడకన తిరిగే హక్కు ఇచ్చింది. స్కాట్లండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం ఇంకా విశాలమైన హక్కు ఇచ్చింది. కానీ రెండూ మోటారు బండికి వర్తించవు. కంకర బాట మీద కారు వెళ్లాలంటే, కొసన ఆపుకోవాలంటే భూస్వామి అనుమతి కావాలి. బాట చెడిపోతే రైతు ట్రాక్టరు కూడా దిగబడుతుంది. గుంతలు తప్పించుకుంటూ కార్లు పచ్చికలోకి దిగితే మేత పాడవుతుంది. అలాంటప్పుడు గేటుకు తాళం పడటానికి ఎక్కువ కాలం పట్టదు. దారి బాగుచేయడం అంటే ఆ అనుమతిని కాపాడుకోవడం కూడా.

కంకర బాట ఎందుకు చెడుతుందో బ్రిటన్‌కు రెండు వందల ఏళ్లుగా తెలుసు. స్కాట్లండ్‌లోని ఎయిర్‌లో 1756లో పుట్టిన జాన్ లౌడన్ మెకాడం 1816లో బ్రిస్టల్ ప్రాంతపు సుంకం రోడ్లకు సర్వేయర్ అయ్యాడు. రోడ్డు బరువును మోసేది రాళ్లు కాదు, వాటి కింది నేల అని ఆయన వాదన. నేల పొడిగా ఉన్నంత కాలం ఎంత బరువైనా మోస్తుంది, తడిస్తే లొంగిపోతుంది. అందుకే ఆయన రోడ్డును చుట్టుపక్కల నేల కంటే ఎత్తులో పెట్టాడు, మధ్యలో కాస్త ఉబ్బుగా మలిచాడు, పక్కన కాలువ తీశాడు. పైన గుండ్రటి ఏటి రాళ్లు కాకుండా పగలగొట్టిన కోణపు కంకర పరిచాడు. కోణాలున్న రాళ్లు చక్రాల కింద ఒకదానిలో ఒకటి ఇరుక్కుని పట్టు ఇస్తాయి, గుండ్రటివి జారిపోతాయి. తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఇప్పటికీ వేసే డబ్ల్యూబీఎం (వాటర్ బౌండ్ మెకాడం) రోడ్లకు ఆయన పద్ధతే మూలం.

ఎత్తు, మధ్య ఉబ్బు, పక్క కాలువ, కోణపు కంకర, వీటిలో ఒక్కటి తప్పినా గాడి పడుతుంది. చక్రాలు వెళ్లేచోట కంకర పక్కలకు తోసుకుపోయి రెండు చాళ్లు ఏర్పడతాయి. మధ్యలో గడ్డి మొలిచిన దిబ్బ లేస్తుంది. వాన నీరు పక్క కాలువకు పోలేక ఆ చాళ్లలోనే పరుగెడుతుంది. ముందు రాళ్ల మధ్య బిగువు ఇచ్చే సన్నపొడి కొట్టుకుపోతుంది, తరువాత చిన్న కంకర, చివరికి అడుగు రాయి. ఏటవాలు ఎక్కువైన కొద్దీ నీటి వేగం, దాని లాగే బలం పెరుగుతాయి. చలికాలంలో చాళ్లలో నిలిచిన నీరు గడ్డకట్టి ఉబ్బి, కరిగి, మిగిలిన పట్టునూ వదులు చేస్తుంది. రెండు చలికాలాలు పట్టించుకోకపోతే బాట వాగులా మారుతుంది.

కాబట్టి స్వచ్ఛంద సేవకుల చేతిలో మొదట ఉండేది కంకర తట్ట కాదు, కాలువ తోడే పార. చేనుకు నీరు పారించే రైతు మడవ తిప్పినట్టే, వీళ్లు బాట మీది నీటిని తగినచోట పక్కకు తిప్పుతారు. బాటకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా పొడవాటి రాళ్లు పాతి, వాటి ఎగువన చిన్న కాలువ తీస్తారు. నీరు వచ్చి ఆ రాళ్లకు తగిలి పచ్చికలోకి మళ్లుతుంది. రాయి పైకి ఎక్కువ తేలితే నడిచేవాళ్లు దాన్ని తప్పించుకుని పక్కన కొత్త దారి తొక్కుతారు. మరీ లోతుకు పోతే నీరు దాటిపోతుంది. ఎక్కడ ఎంత తేలాలో చెప్పగలగడం అనుభవంతో వచ్చే నేర్పు.

గుంత పూడ్చడంలోనూ తప్పు పద్ధతి, సరైన పద్ధతి ఉన్నాయి. నీళ్లున్న గుంతలో బండెడు కంకర కుమ్మరిస్తే మొదటి వానకే చక్రాలు దాన్ని బయటికి ఎగజిమ్ముతాయి. తెలిసినవాళ్లు ముందు నీటిని బయటికి తీసే చిన్న కాలువ తవ్వుతారు. అడుగు బురదను గట్టి నేల తగిలేదాకా తోడేస్తారు. వాలుగా ఉన్న గుంత అంచులను నిలువుగా చెక్కుతారు. పెద్ద రాళ్లు కింద, సన్న కంకర పైన, దానిపైన రాతి పొడి, ఇలా పొరలు పొరలుగా వేస్తూ ఒక్కొక్క పొరనూ దిమ్మిసతో కొడతారు. చివరికి చుట్టూ ఉన్న మట్టం కంటే కొంచెం ఎత్తుగా వదులుతారు, కార్లు వెళ్లేకొద్దీ అణుగుతుంది కనుక. గాడి పొడవుగా ఉంటే దాన్ని నింపడం కంటే మధ్య దిబ్బను పలుగుతో చెక్కి, ఆ కంకరనే చాళ్లలోకి లాగి, బాటకు మళ్లీ మధ్య ఉబ్బు తేవడం మేలు. కొత్త రాయి కొనే ఖర్చూ తగ్గుతుంది.

ఆ కంకర ఎక్కడిదన్నదీ ముఖ్యమే. సున్నపురాయి చౌకగా దొరికినా, ఆమ్ల గుణం ఉన్న, పీట్ అనే తడి మట్టి నేలల మీద అది కరిగి నేల స్వభావాన్ని మారుస్తుంది, అక్కడి హెదర్ పొదల చోట వేరే గడ్డి మొలుస్తుంది. అందుకే ఆ కొండకు చెందిన రాయినే వాడటానికి ప్రయత్నిస్తారు. ప్రకృతి రక్షణ కింద ప్రకటించిన స్థలమైతే ఇంగ్లండులో నేచురల్ ఇంగ్లండ్ సంస్థ అనుమతి ఉండాలి. 1981 నాటి వన్యప్రాణి చట్టం పక్షుల గూళ్లను కాపాడుతుంది కాబట్టి బాట అంచు పొదలను నరకడం వసంతం రాకముందే ముగించాలి.

ఈ పనికి అన్నిటికంటే నిలకడైన నమూనా వాయవ్య ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. బ్రిటిష్ శిలారోహణ చరిత్ర కూడా చాలావరకు అక్కడే మొదలైంది. 1886లో వాల్టర్ ప్యారీ హాస్కెట్ స్మిత్ గ్రేట్ గేబుల్ కొండమీది నేప్స్ నీడిల్ అనే సూదిరాయిని ఒంటరిగా ఎక్కడాన్ని ఆ క్రీడకు పుట్టినరోజుగా చాలామంది చెబుతారు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన తమ సభ్యుల స్మారకంగా ఫెల్ అండ్ రాక్ క్లైంబింగ్ క్లబ్ గ్రేట్ గేబుల్‌తో పాటు చుట్టుపక్కల శిఖరాలను కొని 1923లో నేషనల్ ట్రస్టు అనే పరిరక్షణ సంస్థకు అప్పగించింది. కొండను అందరిదిగా చేసిన గొప్ప దానం అది. అందరిదీ అయ్యాక అందరి కాళ్లూ దానిమీద పడతాయి. హానిస్టర్ కనుమలోని పలకరాళ్ల గని నుంచి గేబుల్ వెనుక వైపుగా సాగే మోజెస్ ట్రాడ్ అనే పాత గని బాట మీద ఇప్పుడు పలకల బస్తాలు లేవు, నడిచేవాళ్లే ఉన్నారు.

నేషనల్ ట్రస్టు, నేషనల్ పార్కు అథారిటీ తదితర సంస్థలు కలిసి 2001లో ఫిక్స్ ది ఫెల్స్ అనే కార్యక్రమం ప్రారంభించాయి. భారీ పని జీతం తీసుకునే రేంజర్లది. వారికి తోడు లెంగ్త్స్‌మెన్ అని పిలిచే స్వచ్ఛంద సేవకులు ఉన్నారు. పూర్వం ఇంగ్లండులో రోడ్డులో కొంత నిడివిని ఒక మనిషికి అప్పగించి, దాని కాలువలు, అంచులు అతడే చూసుకునేలా చేసేవారు. అదే ఏర్పాటు కొండమీదికి వచ్చింది. ఇద్దరు ముగ్గురు కలిసి పార భుజాన వేసుకుని, ఒక బాట పొడవునా నడుస్తూ ప్రతి అడ్డుకాలువలోని మట్టి, ఆకులు, రాళ్లు తీసేస్తారు. కదిలిన రాయిని తిరిగి నిలబెడతారు. జనం తొక్కిన అడ్డదారి మొదట్లో పెద్ద బండలు పెట్టి మూసేస్తారు. ఒక కాలువ తోడటానికి పట్టేది కొద్ది నిమిషాలే. దాన్ని తోడకపోతే దిగువ బాట మొత్తం కొట్టుకుపోతుంది, అప్పుడు రేంజర్ల బృందం వారాల తరబడి పనిచేయాలి. లెక్క ఇంత స్పష్టంగా ఉన్న సేవ అరుదు.

పైగా అక్కడి వాన మామూలు వాన కాదు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిస్తే, గ్రేట్ గేబుల్ దిగువన ఉన్న సీత్‌వెయిట్ పల్లెలో 3,000 మిల్లీమీటర్లు దాటుతుంది. 2015 డిసెంబరు 4, 5 తేదీల్లో డెస్మండ్ తుపానులో హానిస్టర్ కనుమ దగ్గర 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు పడింది. బ్రిటన్‌లో ఏ 24 గంటల వ్యవధికైనా అదే రికార్డు. రోడ్లు, వంతెనలతో పాటు కొండబాటలూ దెబ్బతిన్నాయి.

అంత దెబ్బతిన్న చోట చేతి పార చాలదు. నిటారు వాలుల్లో పెద్ద రాళ్లను నేలలో లోతుగా, ఒకదానికొకటి ఆనుకునేలా దించి మెట్ల వంటి పరుపు వేస్తారు. రాళ్లను సంచుల్లో నింపి హెలికాప్టర్ పైకి మోస్తుంది. పీట్ బురద మీద దారి వేయాల్సి వస్తే అడుగున గొర్రె ఉన్ని పరిచి, దానిమీద రాయి వేసే పాత పద్ధతిని కూడా లేక్ డిస్ట్రిక్ట్‌లో తిరిగి వాడారు. బరువు ఉన్ని మీద సమంగా పరుచుకుని బాట బురదలో కుంగదు. ఇలాంటి పనులకు డబ్బు కావాలి. 1944లో ఏర్పడిన పర్వతారోహకుల సంస్థ బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్ 2016లో మెండ్ అవర్ మౌంటెన్స్ పేరుతో ప్రజల నుంచి లక్ష పౌండ్లకు పైగా సేకరించింది. తరువాతి విడతకు పది లక్షల పౌండ్ల లక్ష్యం పెట్టుకుంది.

ఆ కౌన్సిల్‌కు సొంత బండలూ ఉన్నాయి. వేల్స్‌లో ట్రెమడాగ్ వద్ద ఉన్న బుల్ఖ్ ఎ మోఖ్ చరియను 1979లో, పీక్ డిస్ట్రిక్ట్‌లోని హార్స్‌షూ క్వారీని 2005లో కొన్నది. భూమి తమదే అయినచోట అనుమతి బెంగ లేదు. కానీ పొదలు కొట్టడం, వదులు రాళ్లు దించడం, దారి నిలబెట్టడం అంతా వాళ్ల మీదే పడింది, స్థానిక క్లైంబర్లు సేవాదినాలు పెట్టుకుని ఆ పని చేస్తారు. స్కాట్లండ్‌లో బెన్ నెవిస్ ఉత్తర ముఖానికి టోర్లండీ నుంచి అటవీ బాట, ఆపైన వాగు వెంట కాలిబాట ఉన్నాయి. ఆ దారి 1929లో కట్టిన సీఐసీ హట్ అనే రాతి బస దాకా పోతుంది. నెవిస్ ల్యాండ్‌స్కేప్ పార్ట్‌నర్‌షిప్ చేపట్టిన పనుల్లో అక్కడి బాటల మరమ్మతుకు స్వచ్ఛంద సేవకులు కూడా చేయి వేశారు.

ఎంతవరకు బాగుచేయాలన్నది వేరే ప్రశ్న. దారి మరీ నున్నగా అయితే బండ్లు పెరుగుతాయి, వాటితో గాడులూ పెరుగుతాయి. పీక్ డిస్ట్రిక్ట్‌లో సుమారు ఆరు కిలోమీటర్లు సాగే స్టానేజ్ రాతి అంచు వద్ద ఇది బాగా కనబడింది. అంచును దాటుతూ పోయే లాంగ్ కాజ్‌వే ఒకప్పుడు సరుకు మోసే గుర్రాల దారి. ఇటీవలి కాలంలో ఫోర్ వీల్ డ్రైవ్ జీపులు, మోటారు సైకిళ్లు సరదా ప్రయాణాలకు దాన్ని వాడటంతో లోతైన గాడులు పడ్డాయి. వాన వాటిని కాలువలుగా కోసింది. బాటను మరమ్మతు చేశారు. పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కు అథారిటీ దానిమీద మోటారు వాహనాల రాకపోకలను నిషేధించింది. మోటారు బళ్లవాళ్లు ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించారు, వాళ్ల వాదనలోనూ పాత హక్కు ఒకటి ఉంది. అయినా ఏటవాలు నేల మీద వదులు కంకర, బరువైన చక్రాలు, ఎడతెగని వాన మూడూ ఒకచోట చేరితే ఎంతమంది శ్రమదానమూ సరిపోదు. అక్కడ నిషేధమే సరైనదనిపిస్తుంది. ఇప్పుడు లాంగ్ కాజ్‌వే మీద నడిచేవాళ్లు, గుర్రాలవాళ్లు, సైకిళ్లవాళ్లు వెళ్తున్నారు. క్లైంబర్లు కారును కింద కార్ పార్కులో వదిలి, తాళ్ల సంచి వీపున వేసుకుని అంచు దాకా నడుస్తారు.