మన్నులోని నాణెములు



గత మాఘమాసమున నా మేనల్లుడొకడు, పొడవైన కఱ్ఱచివర పళ్లెమువంటి చక్రమును బిగించిన యంత్రము నొకదానిని వెంటబెట్టుకొని మందమర్రికి వచ్చెను. మెటల్ డిటెక్టరని దానిపేరు. అన్యదేశములలో దీనిని చేతబట్టి పార్కులలో తిరుగుచు పాతనాణెములు వెదకుట పలువురికి వేడుకయట. "మన పార్కులోను చూతము రా, మామా" యని నన్ను బిలిచెను. పార్కు పదిమందిది, పురపాలకవారి యనుమతి లేక గడ్డపాఱ వేయరాదని నేననగా, త్రవ్వనని, ధ్వని మాత్రము విందమని యొప్పుకొనెను.

గడియసేపు తిరిగితిమి. అడుగున కొక కూత! బొగ్గుగనుల యూరు గదా. మరమేకులు, తీగెముక్కలు, సోడాబుడ్ల మూతలు ఎన్ని మన్నులో గలసియున్నవో లెక్కలేదు. పిమ్మట మా పెరటిలో త్రవ్వి చూడగా, నైజాము ప్రభుత్వకాలపు తుగ్రాముద్రగల కంచునాణె మొక్కటి దొరికెను. అతని యానందమునకు మేరలేదు.

ఈ యంత్రమున మంత్రమేమియు లేదు. చక్రములో రాగితీగె చుట్టలుండును. ఒక చుట్టలో విద్యుత్తు క్షణక్షణము దిక్కు మార్చుకొనుచు ప్రవహించుటచే, నేలలోనికి మాఱుచుండెడి అయస్కాంతశక్తి వ్యాపించును. అది లోహమును దాకినంతనే యా లోహములో చిన్న సుడులుగ విద్యుత్తు పుట్టును. ఆ సుడులనుండి వెడలు ప్రతిశక్తిని యంత్రము పసిగట్టి ధ్వనిగ వినిపించును. 1881లో అమెరికా దేశాధ్యక్షుడగు గార్‌ఫీల్డు తుపాకిదెబ్బ తిన్నప్పుడు, టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్లు ఇట్టి సాధనముతోనే శరీరములోని గుండును వెదకి విఫలుడయ్యెను. రెండవ ప్రపంచయుద్ధమున కొసాట్‌స్కీ యను పోలండు దేశపు సైనికోద్యోగి దీనిని భూమిలో పాతిపెట్టిన మందుపాతరలను కనుగొనుటకు తీర్చిదిద్దెను. చిన్న నాణెమైనచో సామాన్యయంత్రమునకు జానెడు లోతున జిక్కుటయే గొప్ప. కావున దీనితో నిలువులోతున నున్న లంకెబిందెలు చూపింతుమని సొమ్మడుగువారు మీ యూరికి వచ్చినచో, వారిమాట నమ్మి గుడి గద్దెలు పెకలింపనీయకుడు.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయము వేఱు. గోదావరి కావలియొడ్డున, పెద్దవాగు నదిలో గలియుచోట కోటిలింగాల యున్నది. అచ్చట వాన వెలిసిన పిమ్మట చేలలోను గట్లలోను నాణెములు పైకి దేలుచుండెడివి. సీసము, రాగి, పోటిను అను మిశ్రలోహము వీని ద్రవ్యము. కరగించినచో వలకు గట్టు గుండునకైన జాలునో చాలదో! ధర్మపురి వాస్తవ్యులు సంగనభట్ల నరహరిశర్మగారు వానిని విలువలేని బిళ్లలని విడువక యోపికతో సేకరించిరి. శాసనపండితులు పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించి గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప యను పేళ్లు చదివిరి. అంతవఱకు చరిత్రగ్రంథములలో నెచ్చటను లేని రాజులు వీరు. శాతవాహనుల మూలపురుషుడగు సిముకుని నాణెములును అచ్చటనే గానవచ్చినవి. తరువాత కృష్ణశాస్త్రిగారి యాధ్వర్యమున త్రవ్వకములు జరిగెను. పెద్దపల్లి చెంత పెద్దబంకూరున, ఇటుక కట్టడముల నడుమ, సుమారు 22,000 శాతవాహన నాణెములు బయల్పడెను.

శాతవాహనుల తొలినివాసము మన గోదావరితీరమా, మహారాష్ట్రమా యను వాదము పండితులలో నేటికిని దెగలేదు. నాణెము చేతులు మాఱి దూరదేశములకు బోవును గనుక, ఒక్క నాణెము దొరకుటచేతనే యా రాజు అచ్చట నేలెనని చెప్పరాదు. ఏ పొరలో దొరికెను, దాని క్రింద నేమున్నది, మీద నేమున్నది, ప్రక్కనున్న కుండపెంకు ఎట్టిది అనునవే సాక్ష్యము. యంత్రము కూయగనే గునపముతో పెల్లగించి జేబులో వేసికొన్నవానికి నాణెము మిగులును, సాక్ష్యము నశించును. ఈ పని పార్కులో జరిగినచో నష్టము స్వల్పము, పాటిదిబ్బపై జరిగినచో తీరనిది.

చట్టమును గూర్చి రెండు మాటలు. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దొరికిన పదిరూపాయలకు మించిన విలువగల సొమ్మును గూర్చి కలెక్టరునకు వ్రాతమూలముగ దెలుపవలెను. దాచినచో ఒక సంవత్సరమువఱకు ఖైదు, లేదా జుల్మానా, లేదా రెండును. సర్కారువారు దొరికినదెల్ల లాగికొందురను భయము పల్లెలలో మెండు. హక్కుదారు లెవ్వరును తేలనప్పుడు, వేఱు ఒడంబడిక లేనిచో, నాలుగింట మూడుపాళ్లు దొరికించుకొన్నవానికిని, ఒకపాలు భూస్వామికిని ఆ చట్టమే విధించుచున్నది. ప్రభుత్వము తానే తీసికొనదలచినచో లోహపు విలువయు, దానిపై నైదవవంతును చెల్లింపవలెను. నూఱేండ్లు దాటిన నాణెమును విదేశములకు బంపుటను 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రజలకు నిషేధించినది. పురావస్తుశాఖ రక్షణలోనున్న దిబ్బలపై త్రవ్వుట సరేసరి.

దొరికిన నాణెమును చింతపండుతో తోమవలదు. పచ్చని చిలుము ఊడునపుడు దానితో అక్షరములును ఊడిపోవును. మన్ను మన్నుగనే కాగితములో జుట్టి, చేనిపేరు, లోతు, తోడ దొరికిన పెంకులు, బూడిద మొదలగువానిని అదేదినమున వ్రాసియుంచినచో చాలును.

ఇంత చెప్పుచున్న నా యింటి సంగతియు జెప్పవలెను. మా తాతగారి కాలమున నూయి త్రవ్వునపుడు చిన్నముంతెడు రాగిబిళ్లలు దొరికినవట. వానిపై ఏనుగుబొమ్మ యుండెనని మా నాయనమ్మ చెప్పెడిది. రూపాయ కెన్నో తూగని సొమ్మని కంచరివానికిచ్చి చెంబు చేయించిరి. ఆ చెంబు నేటికిని మా దేవునిగదిలో నున్నది. మేనల్లుడు వెళ్లునాడు వేడుకకు తన యంత్రమును దానిపై నుంచెను. అది గట్టిగా మ్రోగెను.

"ఏమనుచున్నదిరా?" యని యడిగితిని.

"రాగి, మామా. అంతే" యనెను.