టకీలా అంటే ఉప్పు, నిమ్మచెక్కేనా? తేగ రుచి తెలిసిన నాలుకకు 'బ్లాంకో' చెప్పే కథ వేరు!

సినిమాలో పబ్ సీన్ వస్తే చాలు.. చేతి మీద ఉప్పు, చిన్న గ్లాసు, గుటుక్కున ఒక్క గుక్క, వెంటనే నిమ్మచెక్క, ఆ తర్వాత ముఖం వంకర. టకీలా అంటే ఇంతే అని మన జనంలో పడిపోయింది. గుంటూరు, ఒంగోలు నుంచి అమెరికా వెళ్లిన కుర్రాళ్లు సెలవులకు వస్తూ తెచ్చే డ్యూటీ ఫ్రీ బాటిల్ కూడా చాలాచోట్ల ఇలాగే ఖాళీ అవుతుంది. నిజానికి ఆ ఉప్పు, నిమ్మ చేసే పని రుచి పెంచడం కాదు. బాగోలేని సరుకును నాలుక పట్టేలోపు గొంతు దాటించడం. పాత పద్ధతిలో సరిగ్గా తయారైన తెల్ల టకీలాకు, అంటే 'బ్లాంకో'కు ఆ రెండూ అక్కర్లేదు.

ఇదేదో మనకు సంబంధం లేని దూరదేశపు సంగతి అనుకోకండి. గుంటూరు యార్డును ఎర్రగా నింపే మిరప పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసువాళ్ల ఓడలతో మన దగ్గరికి వచ్చింది. మన చేలల్లో ఇప్పుడు ఎక్కువగా వేసే పత్తి జాతిదీ ఆ ప్రాంతమే. ఇక మూడోది గట్ల మీద, రైలు పట్టాల వెంట ముళ్ల మట్టలతో నిలబడే కిత్తనార. కొన్ని ఊళ్లలో రాకాసిమట్ట అంటారు. చూసినవాళ్లు పెద్ద కలబంద అనుకుంటారు గానీ, కలబందకూ దీనికీ చుట్టరికం చాలా దూరం. ఇది అగావే. టకీలా తీసే నీలి అగావే దీనికి దాయాదే.

తంపటి వేసిన తేగ గుర్తుందా?

నీలి అగావే కోతకు రావాలంటే సుమారు 6 నుంచి 8 ఏళ్లు పడుతుంది. మట్టలన్నీ చెక్కేస్తే మధ్యలో పెద్ద దుంపలాంటి మొద్దు మిగులుతుంది. అచ్చం అనాసపండులా ఉంటుందని దాన్ని 'పీన్యా' అంటారు. ఒక్కోటి 30, 40 కిలోల పైనే తూగుతుంది. దాన్ని పచ్చిగా పిండితే సారా రాదు. అందులో ఉండే పిండిపదార్థాన్ని ఈస్ట్ తినలేదు. వేడి తగిలితేనే అది తియ్యటి చక్కెరగా మారుతుంది.

పాత పద్ధతిలో ఈ మొద్దుల్ని ఇటుక బట్టీలో పేర్చి, రెండు మూడు రోజులు ఆవిరి మీద నిదానంగా ఉడికిస్తారు. మన దగ్గర తేగల్ని తంపటి వేస్తే ఏమవుతుందో అక్కడా దాదాపు అదే జరుగుతుంది. పీచు మెత్తబడుతుంది, తీపి తేలుతుంది, కాస్త కమురు వాసన అంటుకుంటుంది. తర్వాత రోలర్ల కింద గానీ, 'తహోనా' అనే పెద్ద రాతి చక్రం కింద గానీ నలిపి, రసం పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పడతారు.

ఇప్పుడు చాలా ఫ్యాక్టరీలకు అంత ఓపిక లేదు. ప్రెషర్ కుక్కర్ లాంటి భారీ స్టీలు పాత్రల్లో కొన్ని గంటల్లో ఉడికించేస్తారు. అది తప్పేమీ కాదు, అలా చేసిన మంచి టకీలాలూ ఉన్నాయి. కానీ 'డిఫ్యూజర్' అనే యంత్రం సంగతి వేరు. మొద్దును తురిమి, వేడినీళ్లు చిమ్మి, ఉడికించకముందే పిండిపదార్థాన్ని కడిగేసి లాగేస్తుంది. ఖర్చు తగ్గుతుంది, రుచి కూడా తగ్గుతుంది. వోడ్కాకు కాస్త వాసన కలిపినట్టు ఉంటుంది.

ఈ తేడా బయటపడేది బ్లాంకోలోనే. ఓక్ పీపాలో ఏడాది ఉంచిన టకీలాకు చెక్క రంగు, వెనీలా వాసన వచ్చేసి లోపాలు కొంత కప్పడిపోతాయి. బ్లాంకో బట్టీ దిగాక మహా అయితే 60 రోజుల్లోపే సీసాలోకి వెళ్తుంది. దాచుకోవడానికి చోటు లేదు. అందుకే కంపెనీ పనితనం తెలియాలంటే ముందు దాని బ్లాంకో తాగి చూడమంటారు.

డబ్బులు పోయేది లేబుల్ దగ్గరే

చట్టం ప్రకారం టకీలాలో అగావే చక్కెర 51 శాతం ఉంటే చాలు. మిగతాది చెరకు చక్కెర లాంటిది ఏదైనా కావచ్చు. ఇలాంటి కల్తీకి, సారీ, 'మిశ్రమానికి' మిక్స్‌టో అని పేరు. బాటిల్ అందంగా ఉంటుంది, పేరు పెద్దది, దిగుమతి పన్నుతో రేటూ ఘనమే. అందుకే కొనేముందు '100 శాతం అగావే' అని రాసి ఉందో లేదో చూడాలి. ఆ మాట లేకపోతే అది మిశ్రమమే. బంగారు రంగు చూసి మోసపోవద్దు, అది చాలాసార్లు కలిపిన క్యారమెల్ రంగే.

రెండో గుర్తు ఎన్‌ఓఎం అనే అక్షరాల పక్కన ఉండే నాలుగు అంకెలు. అది డిస్టిలరీ నంబర్. పేర్లు వేరైనా నంబర్ ఒకటే అయితే రెండూ ఒకే చోట తయారైనట్టు. ఉదాహరణకు 1139 అంటే హలిస్కో రాష్ట్రం ఆరాండాస్‌లోని లా ఆల్తేన్యా. కామరేనా కుటుంబం 1937లో మొదలుపెట్టిన తపతియో అక్కడిదే, ఖరీదైన ఎల్ తెసోరో కూడా అక్కడిదే. ఇక తక్కువ ధరలో పాత పద్ధతి కావాలంటే ఆల్టోస్ ఒకటుంది. ఇటుక బట్టీలో ఉడికించి, కొంత భాగాన్ని తహోనా కింద నలుపుతారు. అమెరికాలో మామూలుగా 30 డాలర్ల లోపే దొరుకుతుంది. అక్కడి నుంచి ఎవరైనా తెస్తామంటే చెప్పాల్సిన మాట ఇది. కస్టమ్స్ సుంకం లేకుండా ఒక ప్రయాణికుడు తెచ్చుకోగలిగే మద్యం 2 లీటర్లే.

రుచి చూడటం ఎలా?

బజ్జీ తినకముందు చూడాలి. ఇది సరదాకి చెప్పే మాట కాదు. నోట్లో కారం మంటను పసిగట్టే గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. మిర్చి బజ్జీ తిని టకీలా తాగితే మంట మీద మంట, ఇంకేమీ తెలియదు. ఆవకాయ ముద్ద తర్వాతా అంతే.

ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చల్లదనం వాసనను కట్టేస్తుంది. ఐస్, సోడా, స్ప్రైట్ ఏదీ వద్దు. మూతి కాస్త ముడుచుకుని ఉండే గ్లాసులో 20 మిల్లీలీటర్లు పోస్తే చాలు. కొద్దిగా నోరు తెరిచి వాసన చూడండి. ముక్కు గ్లాసులో దూర్చేస్తే స్పిరిట్ ఘాటు తప్ప ఏదీ తగలదు. మొదటి చిన్న గుక్క నోరు అలవాటు పడటానికి. అసలు రుచి రెండోదానిలో ఉంటుంది. నాలుకంతా తడిపి, మింగాక ముక్కుతో గాలి వదలండి.

మంచి బ్లాంకోలో ముందు ఉడికిన చిలగడదుంప, కాల్చిన తేగ లాంటి తీపి వాసన వస్తుంది. వెనకే నిమ్మాకు నలిపినట్టు, పచ్చిమిర్చి తుంచినట్టు పచ్చి వాసన. చివర్లో నాలుక మీద మిరియాల ఘాటు. కొన్నింటిలో తొలి చినుకులకు లేచే మట్టివాసన కూడా దొరుకుతుంది. గోళ్ల రంగు డబ్బా మూత తీసిన వాసనో, కేకు లాంటి వెనీలా తీపో వస్తే ఆ సీసాను కాక్‌టెయిల్‌కు వదిలేయండి. అనుమానం ఉంటే రెండు చుక్కలు అరచేతుల్లో రుద్ది, ఆరాక వాసన చూడండి. స్పిరిట్ ఎగిరిపోతుంది, అగావే ఉంటే నిలబడుతుంది.

మద్యం ఆరోగ్యానికి హానికరం. ఏపీలో 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. రుచి తెలియడానికి 20 మిల్లీలీటర్లకు మించి అవసరమే లేదు.

మన కిత్తనార చిత్తూరులో సీసాకెక్కింది

ఇదంతా మెక్సికో గొప్పేనా అంటే కాదు. దక్కన్‌లో అడవిగా పెరిగే కిత్తనారను చూసి, దీంతో ఎందుకు చేయకూడదు అనుకున్న డెస్మండ్ నజరేత్ చిత్తూరు జిల్లాలో చిన్న డిస్టిలరీ పెట్టారు. 'డెస్మండ్‌జీ' పేరుతో 2011లో అగావే మద్యం మార్కెట్లోకి వచ్చింది. 2021లో 'పిస్టోలా' అనే మరో బ్రాండ్ కూడా దక్కన్ కిత్తనారతోనే మొదలైంది. అయితే వీటి మీద టకీలా అని రాయకూడదు. 1974 నుంచి ఆ పేరుకు మెక్సికోలో రక్షణ ఉంది. హలిస్కో, నిర్దేశించిన మరికొన్ని ప్రాంతాల్లో నీలి అగావేతో చేసిందే టకీలా. మన బందరు లడ్డూ వేరే ఊళ్లో చుడితే బందరు లడ్డూ కానట్టే. మొక్క జాతి కూడా వేరు. మనది అమెరికానా, దీని రకాల నుంచి మెక్సికోలోనే మెస్కల్ తీస్తారు. రుచిలో తీపి తక్కువ, పసరు ఎక్కువ అని నాకనిపిస్తుంది. దాన్ని లోపమనలేం, ఈ నేల గుణం అనుకోవాలి.

ఇక గట్టు మీద కిత్తనార ఉంది కదా, నరికి ఇంట్లో కాచేద్దాం అనుకునేవాళ్లకు ఒక మాట. లైసెన్సు లేకుండా బట్టీ పెడితే అది నాటుసారా కేసే. తెలియకుండా కాచిన సారా కళ్లనూ ప్రాణాలనూ తీసిన ఘటనలు దేశంలో చాలా ఉన్నాయి. పైగా పచ్చి మట్ట రసం ఒంటికి తగిలితే దద్దుర్లు లేచి దురద పెడుతుంది. రైతు కోణంలో చూసినా మిరపలా ఒక్క సీజన్‌లో తేలే పంట కాదిది. పూలకాడ లేవకముందే మొద్దును కోయాలి, లేచిందంటే దాచుకున్న తీపంతా ఆ కాడకే పోతుంది. కొనే డిస్టిలరీతో ముందే మాట లేకుండా దీన్ని పంటగా వేయడం కంటే, ఇప్పటిలాగే పశువులు చేలో పడకుండా కంచెగా ఉంచుకోవడమే నయం.