ముసాఫిర్‌గా వెళ్లి ముఖీమ్‌గా గడిపే సంవత్సరం

జంగారెడ్డిగూడెం పేరు చెప్పగానే పొగాకు వేలం కేంద్రాలు, పామాయిల్ తోటలు గుర్తుకు వస్తాయి. 2022 వరకు పశ్చిమ గోదావరిలోనూ, ఆ తర్వాత ఏలూరు జిల్లాలోనూ భాగమైన ఈ మెట్ట ప్రాంతపు పట్టణానికి రైలు స్టేషన్ లేదు. ఏలూరుకో రాజమండ్రికో బస్సులో వెళ్లి, అక్కడ రైలెక్కాలి. అయినా ఇటువంటి ఊళ్ల నుంచి కూడా నేడు మన పిల్లలు పెద్ద చదువుల కోసం సముద్రాలు దాటి వెళుతున్నారు. వారిలో చాలామందిని ఆకర్షిస్తున్నది బ్రిటన్. అమెరికాలో సాధారణంగా రెండేళ్లు పట్టే మాస్టర్స్ చదువు అక్కడ ఒక్క సంవత్సరంలో ముగుస్తుంది.

"ఒక్క సంవత్సరమే కదా!" అన్న మాటతోనే తల్లి కన్నీళ్లు తుడుచుకుంటుంది, తండ్రి అప్పు పత్రంపై సంతకం చేస్తాడు. ఆ ఒక్క సంవత్సరంలో రోజులు ఎలా గడుస్తాయో పంపేవారికీ, వెళ్లేవారికీ ముందుగా తెలిసి ఉండటం అవసరం.

ఈ బాట కొత్తది కాదు

తెలుగు నేల నుంచి చదువు కోసం పరదేశం వెళ్లడం మన తరంతో మొదలు కాలేదు. సరోజినీ నాయుడు 1895లో, పదహారేళ్ల వయసులో, నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లాండుకు వెళ్లారు. 1908లో హైదరాబాదులో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఉస్మానియాలో చదివి, 1930లలో జర్మనీలోని బాన్, పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయాల నుంచి డాక్టరేట్లు పొందారు. తరువాతి కాలంలో పారిస్‌లోనే దశాబ్దాల పాటు నివసించి, దివ్య ఖురాన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించారు. పరాయి నేలపై చదువూ ధర్మమూ ఒకదానికొకటి అడ్డు కావని ఆయన జీవితమే నిరూపించింది. అయితే అది దానంతట అదే జరగదు. ప్రతి రోజునూ అందుకు తగినట్లు దిద్దుకోవాలి.

సూర్యుడు మారిన చోట

జంగారెడ్డిగూడెంలో వేసవి పగటికీ శీతకాలపు పగటికీ మధ్య తేడా సుమారు రెండు గంటలే. నమాజు వేళలు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే తీరుగా సాగుతాయి. లండన్‌లో అలా కాదు. డిసెంబరు చివరి వారాల్లో ఉదయం ఎనిమిదింటికి సూర్యోదయం, సాయంత్రం నాలుగు కాకుండానే సూర్యాస్తమయం. మధ్యాహ్నం పన్నెండు దాటాక జుహర్, రెండు గంటల ప్రాంతంలో అస్ర్, నాలుగు కొట్టేసరికి మగ్రిబ్. అంటే మూడు నమాజులూ తరగతుల వేళలోనే వచ్చిపడతాయి. జూన్‌లో పరిస్థితి తలకిందులవుతుంది. రాత్రి తొమ్మిది దాటాక గానీ సూర్యుడు అస్తమించడు. ఆ రోజుల్లో రాత్రంతా సంధ్యాకాంతి పూర్తిగా ఆరిపోదు గనుక, ఇషా, ఫజ్ర్ వేళలను ఒక్కొక్క మసీదు ఒక్కొక్క పద్ధతిలో లెక్కిస్తుంది. విద్యార్థి తన సమీప మసీదు వేళల పట్టికను మొదటి వారంలోనే తెచ్చుకుని, దానినే అనుసరించడం మేలు. కిబ్లా దిశ కూడా మారుతుంది. ఇక్కడ మనం పడమరకు తిరిగి నిలబడతాము. అక్కడ ఆగ్నేయానికి తిరగాలి.

సంతోషించదగిన విషయం ఏమంటే, బ్రిటన్‌లోని చాలా విశ్వవిద్యాలయాల్లో ప్రార్థనకు ప్రత్యేకమైన గది ఉంటుంది. ముస్లిం విద్యార్థుల సంఘాలూ ఉంటాయి. ఆ సంఘాల సమాఖ్య 1963లోనే ఏర్పడింది. జుమా వేళకు తరగతి అడ్డు వస్తే, సంవత్సరం ఆరంభంలోనే అధ్యాపకునికి మర్యాదగా తెలియజేసి, వేరే బృందంలోకి మార్చమని అడగవచ్చు. అడగకుండా తరగతి మానేయడం, అడగటానికి సిగ్గుపడి జుమా మానేయడం, ఈ రెండూ నష్టమే.

ముసాఫిరా? ముఖీమా?

పరదేశంలో ఉన్నాము గనుక నమాజును కుదించి చేసుకోవచ్చునని భావించే విద్యార్థులు ఉంటారు. హనఫీ న్యాయశాస్త్రం ప్రకారం, ఒక చోట పదిహేను రోజులు లేదా అంతకు మించి ఉండాలని నిశ్చయించుకున్న వ్యక్తి ముసాఫిర్ కాడు, ముఖీమ్ అవుతాడు. అతడు నమాజు పూర్తిగానే చేయాలి. చలి దేశంలో వుజూ వేళ తోలు మేజోళ్లపై మసహ్ చేసే సౌలభ్యం ఉంది. అందులోనూ ప్రయాణికునికి మూడు పగళ్లు, మూడు రాత్రుల గడువు ఉంటే, నివాసికి ఒక పగలు, ఒక రాత్రి మాత్రమే.

ఈ నియమంలో నమాజును మించిన పాఠం ఒకటుంది. ఏడాది ఉండటానికి వెళ్లినవాడు ఆ ఊరి నివాసి. "ఎలాగూ వెళ్లిపోయేవాణ్ణి కదా" అన్న ప్రయాణికుని నిర్లక్ష్యం అతనికి తగదు. అద్దె గదిని శుభ్రంగా ఉంచడం, పొరుగువారి నిద్ర చెడగొట్టకుండా నడుచుకోవడం, ఆ దేశంతో చేసుకున్న ఒప్పందాన్ని పాటించడం, ఇవన్నీ నివాసి బాధ్యతలే. వీసా కూడా ఒక ఒప్పందమే.

ఇరవై గంటల లెక్క

ఆ ఒప్పందంలో ముఖ్యమైన షరతు పనికి సంబంధించింది. డిగ్రీ స్థాయి విద్యార్థి తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. స్వయం ఉపాధి అసలే కూడదు. ఫోన్ యాప్‌లో వచ్చే భోజన డెలివరీ పనులు సాధారణంగా స్వయం ఉపాధి కిందికే వస్తాయి. వేరొకరి పేరుతో ఉన్న ఖాతాను అద్దెకు తీసుకుని డెలివరీలు చేయడం చట్టవిరుద్ధం. అది పరుల పేరుతో సంపాదించడం కూడా. పట్టుబడితే చదువూ వీసా రెండూ పోయే ప్రమాదం ఉంది.

"పని చేసుకుని ఫీజు కట్టేస్తాడు" అని ఇంట్లో వేసుకునే లెక్కను ఒకసారి సరిచూద్దాం. 2025 ఏప్రిల్‌లో అక్కడ 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లుగా ఉండేది. ఇరవై గంటలకు వారానికి సుమారు 244, నాలుగు వారాలకు సుమారు 977 పౌండ్లు. అదే సంవత్సరం జనవరిలో వీసా కోసం చూపించవలసిన జీవన వ్యయం లండన్‌లో నెలకు 1,483, లండన్ వెలుపల 1,136 పౌండ్లుగా ఉండేది. అంటే పని నిరాటంకంగా దొరికినా, గదికీ తిండికీ కూడా ఆ సంపాదన పూర్తిగా చాలదు. ఫీజు సంగతి చెప్పనక్కరలేదు. ఈ లెక్క తెలియక పంపినప్పుడే పిల్లలు నిబంధన మీరి, నగదుకు పనిచేసే చోట్లకు వెళతారు. అక్కడ కూలి ఎగ్గొట్టినా ఎవరికీ చెప్పుకోలేరు.

మద్యం, పందిమాంసం అమ్మే దుకాణాల్లో పని దొరకడం సులువు. గిడ్డంగులు, వృద్ధుల సంరక్షణ గృహాలు, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు వంటి చోట్ల పని దొరకడానికి కొంత ఓపిక కావాలి. మొదటి రెండు మూడు నెలలకు సరిపడా సొమ్ము చేతిలో ఉన్న విద్యార్థికే ఆ ఓపిక సాధ్యమవుతుంది. ధర్మసమ్మతమైన సంపాదన బిడ్డ ఒక్కడి దృఢ సంకల్పంపైనే కాదు, ఇంటివారి ముందుచూపుపై కూడా ఆధారపడి ఉంటుంది.

వడ్డీ లేని దారి ఉందా?

వీసాకు చూపించే సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆ 28 రోజుల కోసం వడ్డీకి డబ్బు తెచ్చి పెట్టే దళారులు ఉన్నారు. గడువు తీరగానే ఆ సొమ్ము వెనక్కి పోతుంది. బిడ్డ చేతిలో ఏమీ మిగలదు. వడ్డీ పాపం ఒకటైతే, లేనిది ఉన్నట్లు చూపడం మరొకటి.

ప్రభుత్వ సహాయం కొంత ఉంది. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు 2015 నుంచి విదేశీ విద్యా సహాయం అమలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో విదేశీ విద్యా దీవెన పథకం వచ్చింది. ఇటువంటి పథకాల షరతులు మారుతూ ఉంటాయి గనుక, జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో తాజా ఉత్తర్వులు విచారించుకోవాలి. విద్యా రుణాలపై మైనారిటీలకు వడ్డీ రాయితీనిచ్చిన కేంద్ర పథకం "పఢో పరదేశ్" 2022-23 నుంచి నిలిచిపోయింది. ఇక మిగిలింది మన చేతుల్లో ఉన్న ఖర్జె హసన్, అనగా వడ్డీ లేని మంచి రుణం. పెళ్లి విందులకు లక్షలు సమకూర్చగల బంధువర్గం, వ్రాతపూర్వకంగా, సాక్షుల సమక్షంలో ఒక బిడ్డ చదువుకు అప్పు ఇవ్వలేదా? అంతకీ సొమ్ము సమకూరకపోతే, ఒక సంవత్సరం ఆగడం అవమానం కాదు.

వంటగది, పెట్టె

ప్రయాణపు పెట్టెలో ఆవకాయ, కందిపొడి, కారప్పొడి పెట్టవచ్చు. మాంసం పచ్చళ్లు, నెయ్యి, కోవా మిఠాయిలు మాత్రం పెట్టకండి. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకురావడాన్ని బ్రిటన్ నిషేధించింది. హలాల్ మాంసం పెద్ద పట్టణాల్లో సులువుగానే దొరుకుతుంది. ధ్రువీకరించే సంస్థలు ఒకటికి మించి ఉన్నాయి, వాటి ప్రమాణాలలో తేడాలూ ఉన్నాయి. కనుక స్థానిక మసీదులో విచారించి కొనాలి. వెళ్లేలోగా కొడుకుకైనా కూతురుకైనా అన్నం, పప్పు, ఒక కూర వండటం నేర్పండి. కలిసి వండుకునే నలుగురి మధ్య ఖర్చూ తగ్గుతుంది, ఒంటరితనమూ తగ్గుతుంది.

ఫోనులో చెప్పని మాటలు

శీతకాలంలో బ్రిటన్ మనకంటే ఐదున్నర గంటలు వెనుక, వేసవిలో నాలుగున్నర గంటలు. పని ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి బిడ్డ గది చేరేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటి రెండున్నర అవుతుంది. అందుకే ఆదివారం ఉదయం వంటి ఒక వేళను ముందే నిర్ణయించుకోవాలి. రోజూ ఎదురుచూసి నిరాశపడటం కంటే, వారానికి రెండు సార్లు తీరికగా మాట్లాడుకోవడం మేలు.

ఆ మాటల్లో ఇరువైపులా దాపరికం ఉంటుంది. తల్లి తన జబ్బును దాచిపెడుతుంది, బిడ్డ తన ఆకలిని దాచిపెడతాడు. ప్రేమతో చేసేదే అయినా దీనివల్ల కీడు జరుగుతుంది. తాతగారు చనిపోయిన వార్తను పరీక్షలయ్యేదాకా దాచితే, జనాజాకు అందలేకపోయిన దుఃఖానికి, దుఆ చేసే అవకాశం కూడా దక్కలేదన్న బాధ తోడవుతుంది. చెప్పవలసినది మెల్లగా చెప్పండి. బిడ్డ మౌనంగా ఉంటే మార్కుల గురించి కాక, నిద్ర గురించి, భోజనం గురించి అడగండి. జబ్బు చేస్తే వైద్యం ఉంది. ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుమును విద్యార్థి వీసాతో పాటే చెల్లిస్తాడు. వెళ్లిన వెంటనే సమీప వైద్యుని వద్ద పేరు నమోదు చేసుకోవాలి. మనసు కుంగినప్పుడు కూడా ఆ తలుపు తట్టవచ్చునని అతనికి తెలియాలి.

రంజాన్ రోజుల్లో ఈ దూరం మరింత తెలిసివస్తుంది. పండుగ నాడు సెలవు ఉండకపోవచ్చు. నెలవంక విషయంలో మసీదుల మధ్య ఏకాభిప్రాయం లేక, 2025లో అక్కడ కొందరు మార్చి 30న, మరికొందరు 31న ఈద్ చేసుకున్నారు. అయినా మసీదులోని ఇఫ్తార్ వరుసలో సోమాలీ, బెంగాలీ, అరబ్బు, తురుష్క సోదరుల నడుమ కూర్చున్న మన గోదావరి బిడ్డకు, ఉమ్మత్ అన్న మాటకు అర్థం అక్కడే మొదటిసారి కళ్లకు కడుతుంది.

బిడ్డను పంపే ముందు ఫీజు రసీదులు సరిచూసినట్లే, ఈ విషయాలను కూడా ఒక సాయంత్రం కూర్చుని కలిసి మాట్లాడుకోండి. పెట్టెలో ఎన్ని కిలోలు పట్టునో తూచుకుంటాము. ఆ బిడ్డ భుజాలపై ఎంత బరువు పెడుతున్నామో కూడా తూచుకోవడం మన బాధ్యత.