సైకిల్ డిస్క్ బ్రేక్ మెత్తబడిందా? ఇంట్లోనే బ్లీడింగ్ ఇలా చేసుకోవచ్చు

పోయిన నెల వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల మీదకు సైకిల్ వేసుకుని వెళ్లా. పైకి ఎక్కాక వెనక టైర్ పంక్చర్. సైకిల్‌ని తలకిందులుగా పెట్టి, ట్యూబ్ మార్చి, మళ్లీ నిలబెట్టి దిగడం మొదలుపెట్టా. మొదటి మలుపులో వెనక బ్రేక్ నొక్కితే లీవర్ నేరుగా వచ్చి హ్యాండిల్ గ్రిప్‌కి ఆనింది. బ్రేక్ మాత్రం పడలేదు! ముందు బ్రేక్ బాగుంది కాబట్టి బతికిపోయా. ఆ తర్వాత చాలా దూరం సైకిల్‌ని నడిపించుకుంటూనే దిగా.

తప్పు నాదే. అంతకు రెండు వారాల ముందు హ్యాండిల్ బార్ మార్చినప్పుడు, బ్రేక్ హోస్ పొడవు ఎక్కువైందని కోసి పొట్టి చేశా. "నాలుగు చుక్కలే కదా కారింది" అనుకుని బ్లీడింగ్ చేయకుండా వదిలేశా. ఆ నాలుగు చుక్కల చోటులోకి గాలి చేరింది.

లోపల ఏం జరుగుతుంది?

హైడ్రాలిక్ బ్రేక్‌లో కేబుల్ ఉండదు. లీవర్ నొక్కితే అక్కడున్న పిస్టన్ ఆయిల్‌ని తోస్తుంది, ఆ ఒత్తిడి హోస్ గుండా కిందున్న క్యాలిపర్ పిస్టన్లకు చేరి, ప్యాడ్లు డిస్క్‌ని పట్టుకుంటాయి. స్కూల్లో చదివిన పాస్కల్ నియమమే ఇది. ఆయిల్ నొక్కితే దాదాపు కుదించుకుపోదు. గాలి మాత్రం ఇట్టే కుదించుకుపోతుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే మీ వేళ్ల బలమంతా దాన్ని నొక్కడానికే ఖర్చైపోతుంది.

మరి రెండు వారాలు బ్రేక్ బాగానే ఎలా పనిచేసింది? లీవర్ దగ్గర ఆయిల్ నిల్వ ఉండే చిన్న గది ఉంటుంది. సైకిల్ నిలబడి ఉన్నంతసేపు గాలి ఆ గదిలో పైభాగాన తేలుతూ ఉండిపోతుంది, ఎవరికీ హాని లేదు. తలకిందులు చేయగానే పైభాగం కిందకు, కిందిభాగం పైకి వచ్చాయి. బుడగ ఆయిల్ లైన్‌లోకి దారి చూసుకుంది.

ముందు ఇది గాలి సమస్యేనా చూడండి

• లీవర్ స్పాంజ్‌లా మెత్తగా ఉండి, టకటకా రెండు మూడు సార్లు నొక్కితే గట్టిపడుతోందా? చాలావరకు గాలే. బ్లీడింగ్ చేయాలి.
• లీవర్ చాలా దూరం వచ్చి, ఆ తర్వాత గట్టిగానే పడుతోందా? ముందు ప్యాడ్లు అరిగాయేమో చూడండి.
• లీవర్ గట్టిగా ఉన్నా బండి ఆగడం లేదా, కీచుమంటోందా? ప్యాడ్లకో డిస్క్‌కో నూనె అంటి ఉండొచ్చు. బ్లీడింగ్‌తో అది పోదు.

ఆయిల్ విషయంలో పొరపాటు వద్దు

మినరల్ ఆయిల్ కోసం మా వీధి చివర బైక్ మెకానిక్‌ని అడిగితే, "బ్రేక్ ఆయిలే కదా, తీసుకో" అని డాట్ 4 బాటిల్ చేతిలో పెట్టబోయాడు. అది మోటార్ సైకిల్‌కి సరైనదే, నా సైకిల్‌కి కాదు. షిమానో, టెక్ట్రో, మగురా బ్రేకుల్లో మినరల్ ఆయిల్ వాడతారు. శ్రామ్ బ్రేకుల్లో చాలా మోడల్స్‌కి డాట్ 5.1, కానీ మేవెన్ లాంటి కొత్త వాటికి మినరల్ ఆయిల్. కాబట్టి కంపెనీ పేరు చూసి ఊహించకండి, మీ మోడల్‌కి ఏది కావాలో చూసుకోండి. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీల్స్ పాడవుతాయి, బ్రేక్ మొత్తం మార్చాల్సి రావచ్చు.

కావాల్సినవి

నా సైకిల్‌కి షిమానో ఎంటీ200 బ్రేకులున్నాయి, కింద చెప్పే పద్ధతి ఆ తరహా బ్రేకులకే. డాట్ ఆయిల్ బ్రేకులకు కిట్టూ వేరే, పద్ధతీ వేరే.

గరాటు, సిరంజి, ట్యూబ్ ఉన్న బ్లీడింగ్ కిట్, మినరల్ ఆయిల్, 2.5 ఎంఎం ఆలెన్ కీ, 7 ఎంఎం రింగ్ స్పానర్, బ్లీడ్ బ్లాక్ (ప్యాడ్ల చోట పెట్టే ప్లాస్టిక్ ముక్క), ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గ్లవ్స్, పాత గుడ్డలు.

స్టెప్ బై స్టెప్

1. చక్రం తీసేయండి, ప్యాడ్లు కూడా తీసి ఇంకో గదిలో పెట్టండి. నేను మొదటిసారి బద్ధకించి ప్యాడ్లు అలాగే ఉంచా. ఒక్క చుక్క పడింది, బ్రేక్ వేస్తే వీధంతా వినిపించేలా అరుపు. కొత్త ప్యాడ్లు కొనాల్సి వచ్చింది. ప్యాడ్లు తీశాక పిస్టన్లను మెల్లగా లోపలికి తోసి, బ్లీడ్ బ్లాక్ పెట్టండి.

2. లీవర్‌ని నేలకు సమాంతరంగా తిప్పండి. దాని మీదున్న స్క్రూ తీసి గరాటు బిగించి, కొంచెం ఆయిల్ పోయండి. స్క్రూకి ఉండే చిన్న ఓ-రింగ్ జాగ్రత్త.

3. సిరంజిలో ఆయిల్ నింపి, ఇంజెక్షన్ వేసే ముందు నర్స్ చేసినట్టు వేలితో తట్టి గాలి తీసేయండి. క్యాలిపర్ నిపుల్‌కి ముందు స్పానర్ తగిలించి, తర్వాత ట్యూబ్ పెట్టండి. ట్యూబ్ ముందు పెట్టేస్తే స్పానర్ దూరదు.

4. నిపుల్‌ని ఎనిమిదో వంతు చుట్టు వదులు చేసి, ఆయిల్‌ని కింద నుంచి పైకి నిదానంగా తోయండి. గరాటులోకి బుడగలు, నల్లబడిన పాత ఆయిల్ వస్తాయి. బుడగలు ఆగేదాకా తోసి, నిపుల్ మూసేయండి.

5. సిరంజి తీసి, ట్యూబ్ రెండో కొసను ఖాళీ బాటిల్‌లో పెట్టండి. నిపుల్ తెరిస్తే ఆయిల్ తనంతట తనే కిందకు దిగుతుంది. గరాటు మాత్రం ఖాళీ కాకూడదు, ఖాళీ అయితే గాలి మళ్లీ లోపలికి వెళ్తుంది. నిపుల్ మూసేసి, లీవర్ నొక్కి పట్టుకుని, ఒక్క క్షణం తెరిచి మూసేయండి. ఇలా రెండు మూడు సార్లు.

6. ఇప్పుడు ఓపిక కావాలి. నిపుల్ మూసే ఉంచి, లీవర్‌ని మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉండండి. హోస్‌ని క్యాలిపర్ నుంచి పైదాకా వేలితో తట్టండి. లీవర్‌ని 30 డిగ్రీలు పైకి, 30 డిగ్రీలు కిందకు వంచి మళ్లీ నొక్కండి. ఏదో మూల దాక్కున్న బుడగ టప్పున గరాటులోకి వస్తుంది. లీవర్ గట్టిపడేదాకా ఇదే పని.

7. గరాటుకి మూత బిరడా పెట్టి తీసేయండి. రంధ్రం అంచుదాకా ఆయిల్ ఉండాలి. కొంచెం పొంగి కారేలా స్క్రూ పెట్టండి, అప్పుడే కింద గాలి మిగలదు. బలంగా తిప్పొద్దు, థ్రెడ్ పోతుంది.

8. అన్నీ ఆల్కహాల్‌తో తుడిచి, ప్యాడ్లు, చక్రం పెట్టండి. లీవర్ గట్టిగా పట్టుకుని నిపుల్ దగ్గర టిష్యూ పెట్టి చూడండి, తడి అంటకూడదు. తర్వాత ఇంటి ముందు నడక వేగంలో టెస్ట్ చేయండి, నేరుగా మెయిన్ రోడ్డెక్కొద్దు.

తీసిన పాత ఆయిల్‌ని కాలువలో పోయకుండా బాటిల్‌లో పట్టి, బైక్ మెకానిక్ షాపులో వేస్ట్ ఆయిల్ డబ్బాలో పోయించండి.

చివరిగా

ఈ స్టెప్పులన్నీ గుర్తుండకపోయినా ఫర్వాలేదు, ఒక్క విషయం గుర్తుంటే చాలు: గాలి ఎప్పుడూ పైకే పోతుంది. బ్లీడింగ్ అంటే దానికి దారి చూపించడమే. నాకు మొదటిసారి రెండున్నర గంటలు పట్టింది, రెండోసారి నలభై నిమిషాల్లో అయిపోయింది. ఎంత చేసినా లీవర్ గట్టిపడకపోతే మాత్రం ఎక్కడో లీక్ ఉండొచ్చు, సైకిల్ షాపులో చూపించండి.

ఇప్పుడు ఘాట్ దిగే ముందు రెండు లీవర్లనూ పది సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకుని చూస్తా. పంక్చర్ వేశాకైతే తప్పనిసరి.