ఇంటికి మొదటిసారి సీసీ కెమెరాలు: గేటు దగ్గర ముఖం గుర్తుపట్టాలంటే ఏ లెన్స్, ఏ రికార్డర్?

ఇంటికి సీసీ కెమెరాలు పెట్టించుకుందాం అని షాపుకి వెళ్తే అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కెమెరాలు సార్?" రెండోది "ఎన్ని మెగాపిక్సెల్?" ఈ రెండిటికీ జవాబు చెప్పేస్తే కొటేషన్ చేతికొచ్చేస్తుంది. 4 కెమెరాలో 8 కెమెరాలో, ఒక డీవీఆర్, 1 టీబీ హార్డ్‌డిస్క్, కేబుల్, ఫిట్టింగ్ చార్జీలు. చూడ్డానికి అన్నీ ఉన్నట్టే ఉంటుంది. కానీ రేపు నిజంగా దొంగతనం జరిగితే ఎస్‌ఐ గారు అడిగేది వేరే: "మనిషి ముఖం కనబడుతోందా?"

తెనాలిలో మా వీధిలో పోయినేడాది ఒక బైక్ పోయింది. ఆ ఇంటికి 6 కెమెరాలున్నాయి. వాడు గేటు తీయడం, హ్యాండిల్ లాక్ విరగ్గొట్టడం, బండి తోసుకుంటూ వెళ్లడం అన్నీ రికార్డయ్యాయి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి మచ్చ. ఆ వీడియో వీధి వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగింది, బండి మాత్రం తిరిగి రాలేదు. మా అమ్మానాన్న అదే వీధిలో ఇద్దరే ఉంటారు, నేనేమో హైదరాబాద్‌లో. ఆ వారంలోనే నాన్న ఫోన్ చేసి "మనమూ పెట్టిద్దామా?" అని అడిగారు. అప్పుడు కూర్చుని వేసిన లెక్కలే ఈ ఆర్టికల్.

మెగాపిక్సెల్ కంటే ముందు లెన్స్

కెమెరా ఎంత స్పష్టంగా చూస్తుందో చెప్పడానికి ఒక మంచి కొలత ఉంది: మీటరుకు ఎన్ని పిక్సెల్స్ పడుతున్నాయి అని. ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం 2014 ఎడిషన్‌లో దీనికి మెట్లు ఇచ్చారు. మీటరుకు 25 పిక్సెల్స్ ఉంటే అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 125 ఉంటే ముందే తెలిసిన మనిషైతే గుర్తుపట్టొచ్చు. అసలు పరిచయం లేనివాణ్ని "వీడే" అని చెప్పాలంటే 250 కావాలి. దొంగ సాధారణంగా మనకి పరిచయం ఉండడు కాబట్టి గేటు దగ్గర మనకి కావాల్సింది 250.

ఇప్పుడు లెన్స్ సంగతి. షాపుల్లో మామూలుగా ఇచ్చే కెమెరాల్లో ఉండేది 2.8 ఎంఎం లేదా 3.6 ఎంఎం లెన్స్. 2.8 అంటే సుమారు 100 డిగ్రీల వెడల్పు చూస్తుంది. ఫోన్లో అల్ట్రావైడ్ పెట్టి ఫొటో తీస్తే మనుషులు చీమల్లా ఎలా పడతారో ఇక్కడా అంతే. 6 ఎంఎం లెన్స్ చూసే వెడల్పు సుమారు 50 డిగ్రీలు. తక్కువ స్థలాన్ని చూస్తుంది, కానీ ఉన్న పిక్సెల్స్ అన్నీ ఆ స్థలం మీదే పెడుతుంది.

మా ఇంట్లో పోర్టికో నుంచి గేటుకి 25 అడుగులు, అంటే 7.6 మీటర్లు. అంత దూరంలో 2.8 ఎంఎం లెన్స్ చూసే వెడల్పు 18 మీటర్లు. 8 మెగాపిక్సెల్ కెమెరా అడ్డంగా ఇచ్చేది 3840 పిక్సెల్స్. భాగిస్తే మీటరుకు 210 చిల్లర. అదే దూరంలో 6 ఎంఎం లెన్స్ చూసేది ఏడున్నర మీటర్లు. దానికి మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా పెట్టినా, 1920ని ఏడున్నరతో భాగిస్తే మీటరుకు 250కి పైనే వస్తుంది. అంటే గేటు దగ్గర ముఖం విషయంలో ఖరీదైన 4కే కెమెరా కంటే సరైన లెన్స్ ఉన్న చవక కెమెరానే మేలు. అదే 6 ఎంఎంలో 4 మెగాపిక్సెల్ తీసుకుంటే 340 వస్తుంది, మసక వెలుతురుకి కూడా కాస్త మిగులుతుంది. మా గేటుకి నేను తీసుకున్నది అదే.

మీ ఇంటికి లెక్క వేసుకోవడం చాలా తేలిక. కెమెరా బిగించే చోటు నుంచి మనిషి ముఖం కనబడాల్సిన చోటుకి టేపుతో కొలవండి. 2.8 ఎంఎం అయితే ఆ దూరాన్ని 2.4తో, 6 ఎంఎం అయితే 1తో గుణించండి. వచ్చేది వెడల్పు. కెమెరా అడ్డం పిక్సెల్స్‌ని దాంతో భాగించండి. ఈ లెక్క ప్రకారం 2.8 లెన్స్ ఉన్న 4 మెగాపిక్సెల్ కెమెరా కొత్త ముఖాన్ని గుర్తుపట్టేలా చూపించేది సుమారు 14 అడుగుల వరకే. పోర్టికో, మెట్లు, వీధి తలుపు లాంటి దగ్గరి చోట్లకి అది చక్కగా సరిపోతుంది.

ఎత్తు కూడా చూసుకోవాలి. "పైన పెడితే ఎవరూ పీకలేరు" అని మొదటి అంతస్తు స్లాబ్ కింద బిగిస్తుంటారు. 16 అడుగుల ఎత్తు నుంచి 13 అడుగుల దూరంలో ఉన్న మనిషిని చూస్తే 40 డిగ్రీల వంపు. టోపీ పెట్టుకున్నవాడైతే టోపీ తప్ప ఏమీ కనబడదు. 8 అడుగుల ఎత్తులో పెడితే అదే మనిషి ముఖం దాదాపు ఎదురుగా ఉంటుంది. చేతికి అందుతుందనే భయం న్యాయమైనదే, అందుకే రెండో కెమెరా మొదటిదాన్ని చూసేలా పెట్టించండి.

మాకు కొటేషన్ ఇచ్చినాయన నాన్నతో "మాస్టారూ, 8 వేసేద్దాం, ఇల్లు మొత్తం కవర్ అయిపోద్ది" అన్నాడు. మేము వేయించింది 4. గేటుకి 6 ఎంఎం, పోర్టికోకి, మేడ మెట్లకి, పెరటి సందుకి 2.8. లోపలి గదుల్లో ఒక్కటీ లేదు. పడగ్గది, హాలు రికార్డు చేసుకుని వాటిని ఇంటర్నెట్‌కి కలపడం నాకైతే అసలు ఇష్టం లేదు.

రాత్రి సంగతి రాత్రే చూడాలి

బ్రోషర్లో "నైట్ విజన్ 30 మీటర్లు" అని ఉంటుంది. అంటే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు అంత దూరం పడుతుందని మాత్రమే. మరీ దగ్గరికొస్తే ఆ వెలుతురుకే ముఖం తెల్లగా తేలిపోవచ్చు. మా వీధి బైక్ వీడియోలో జరిగింది ఇదే. స్మార్ట్ ఐఆర్ అనే ఫీచర్ ఉన్న కెమెరా దీన్ని కొంత తగ్గిస్తుంది. రాత్రి కూడా కలర్ చూపించే మోడళ్లలో తెల్ల లైటు ఉంటుంది. చొక్కా రంగు, బండి రంగు తెలియడం పోలీసులకి పెద్ద ఉపయోగం. కాకపోతే ఎదురింటివాళ్ల కిటికీలో లైటు పడుతుంది, ముందే ఒక మాట చెప్పండి. నన్నడిగితే గేటు మీద మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వెలగనివ్వడం వీటన్నిటికంటే చవకైన అప్‌గ్రేడ్.

గోడకి కన్నాలు పెట్టే ముందు ఒక పని చేయించండి. రాత్రి 8 దాటాక ఒక కెమెరాకి కరెంటిచ్చి, నిచ్చెన మీద అనుకున్న చోట పట్టుకోమనండి. ఇంట్లోవాళ్లలో ఒకరు గేటు దగ్గర మామూలుగా నడవాలి. ఆ వీడియోని పాజ్ చేసి చూడండి. నిలబడ్డ మనిషి బాగానే కనబడతాడు, నడిచే మనిషే చెరిగిపోతాడు. గేటు తూర్పుకో పడమరకో ఉంటే ఎండ నేరుగా లెన్స్‌లో పడే వేళ కూడా ఒకసారి చూసుకోండి. అక్కడ డబ్ల్యూడీఆర్ 120 డీబీ అని రాసి ఉన్న కెమెరానే తీసుకోండి, "డిజిటల్ డబ్ల్యూడీఆర్" అని ఉంటే వదిలేయండి.

డీవీఆరా, ఎన్వీఆరా?

కోయాక్సియల్ వైరుతో వచ్చే అనలాగ్ హెచ్‌డీ కెమెరాలకి డీవీఆర్, నెట్‌వర్క్ కేబుల్‌తో వచ్చే ఐపీ కెమెరాలకి ఎన్వీఆర్. ఇంట్లో ఇప్పటికే త్రీ ప్లస్ వన్ కేబుల్ లాగి ఉంటే డీవీఆర్‌తోనే ఉండండి, పాత వైర్లు పీకి గోడలు పగలగొట్టేంత తేడా లేదు. కొత్తగా లాగుతుంటే మాత్రం నా ఓటు పీఓఈ ఉన్న ఎన్వీఆర్‌కే. ఒక్క క్యాట్6 కేబుల్‌లోనే కరెంటు, వీడియో రెండూ వెళ్తాయి, 100 మీటర్ల వరకు. కెమెరా కెమెరాకి అడాప్టర్ ఉండదు, తుప్పు పట్టే చిన్న జాయింట్లు తగ్గుతాయి. మా వైపు ఉప్పు గాలికి, వానలకి ముందు పోయేవి ఆ జాయింట్లే. కేబుల్ బాక్స్ మీద సీసీఏ అని ఉంటే వద్దనండి. అది రాగి పూత పూసిన అల్యూమినియం, పీఓఈకి పనికిరాదు. అసలు రాగి కేబుల్ అడగండి.

వైఫై కెమెరాలు చెడ్డవని కాదు. అద్దె ఇంట్లో ఉంటే నేనూ ఒక టాపో లాంటిదే తీసుకుంటాను. కానీ రికార్డింగ్ కెమెరాలోనే మెమరీ కార్డులో ఉంటే, కెమెరా పీక్కెళ్లినవాడు సాక్ష్యం కూడా పట్టుకెళ్లినట్టే.

ఎన్ని రోజులు దాచాలి?

మా ఆఫీసులో సర్వర్ లాగ్స్ ఎన్ని రోజులు ఉంచాలి అని ఎప్పుడూ గొడవే. ఇదీ అదే ప్రశ్న: విషయం మీకు తెలిసే రోజుకి ఆ డేటా ఇంకా ఉండాలి. మీరు ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు ఇల్లు తాళం వేసి వెళ్తారో చూసి, ఒక వారం కలపండి. అమ్మానాన్న హైదరాబాద్ వస్తే 15 రోజులు ఉంటారు, కాబట్టి మాకు 22.

లెక్క ఇలా. 1 ఎంబీపీఎస్ వీడియో 24 గంటలు రికార్డయితే 10.8 జీబీ. హెచ్.265లో, సెకనుకి 15 ఫ్రేములు పెట్టుకుంటే, గేటు కెమెరాకి 4 ఎంబీపీఎస్, మిగతా మూడిటికి తలా 2 ఇచ్చాను. మొత్తం 10, అంటే రోజుకి 108 జీబీ. కొటేషన్లో రాసిన 1 టీబీ డిస్క్ 9 రోజులకే నిండి, పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. 2 టీబీ అయితే 18 రోజులు. మేము 4 టీబీ తీసుకున్నాం, 37 రోజులు వస్తుంది. బడ్జెట్ లేకపోతే గేటు కెమెరాని మాత్రం ఎప్పుడూ రికార్డు చేసి, పెరటిదాన్ని కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టండి. డిస్క్ మాత్రం డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటి సర్వైలెన్స్ డిస్కే ఉండాలి. పాత డెస్క్‌టాప్‌లోంచి తీసిన డిస్క్ రోజంతా రాస్తూ ఉండే పనికి చేసింది కాదు. చాలా రికార్డర్ల ధరలో డిస్క్ కలిపి ఉండదు, కొటేషన్లో విడిగా రాయించుకోండి.

రికార్డర్ టీవీ కింద పెట్టొద్దు, దొంగ మొదట చూసేది అక్కడే. మాది అటక మీద, గాలి ఆడేలా కన్నాలున్న తాళం పెట్టెలో ఉంది. రికార్డరు, రౌటరు, 4 కెమెరాలు కలిపి 50 వాట్ల లోపే కాబట్టి ఇన్వర్టర్ లైనుకే కలిపాం. కరెంటు పోయినప్పుడు ఆగిపోయే కెమెరా ఉన్నా లేనట్టే.

పాస్‌వర్డ్, సర్టిఫికెట్

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఎవరూ మార్చని డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరింది. అక్టోబర్ 21న వాటితో డిన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలాచోట్ల ఆగిపోయాయి. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2024 ఏప్రిల్‌లో సీసీ కెమెరాలకి సెక్యూరిటీ పరీక్షలు తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది, 2025 ఏప్రిల్ 9 నుంచి అది అమల్లో ఉంది. కాబట్టి "పాత స్టాక్, సగం రేటు" అంటే ఆ మోడల్ నంబరుకి సర్టిఫికెట్ ఉందా అని అడగండి. ఫిట్టింగ్ అయ్యాక అడ్మిన్ పాస్‌వర్డ్ మీరే టైప్ చేయండి, ఇన్‌స్టాలర్ ఫోన్లో మీ అకౌంట్ మిగలకుండా చూసుకోండి. రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టనివ్వకండి. బయటినుంచి చూడ్డానికి కంపెనీ యాప్ చాలు, నాలాంటి వాళ్లయితే వైర్‌గార్డ్ పెట్టుకోవచ్చు.

చివరిగా రికార్డర్లో టైమ్. ఎన్‌టీపీ ఆన్ చేసి ఇండియా టైమ్ జోన్ పెట్టండి. వీడియో మీద గంట తేడా ఉంటే కేసులో అనవసరపు ప్రశ్నలు వస్తాయి. 65బీ సర్టిఫికెట్ పేరు వినే ఉంటారు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 వచ్చింది, ఆ ఫారంలో ఫైల్ హాష్ కూడా రాయాలి. అందుకే ఏదైనా జరిగితే టీవీ తెరని ఫోన్‌తో వీడియో తీసి పంపకండి. రికార్డర్ నుంచే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి, డిస్క్‌ని కదపకండి. మా నాన్న చేత ఇది రెండుసార్లు చేయించాను. తేదీ ఎంచుకోవడం నుంచి పెన్‌డ్రైవ్ తీసేదాకా ఏడు స్టెప్పులు, ఆయన చేతిరాతలోనే ఆ తాళం పెట్టె తలుపు లోపల అతికించి ఉన్నాయి.