లాకర్ రూమ్‌లో ‘సరదా’ ఎక్కడ ముగుస్తుంది, వేధింపు ఎక్కడ మొదలవుతుంది? మయామీ డాల్ఫిన్స్ వివాదం ఏం చెబుతోంది?

జట్టులోకి కొత్తగా వచ్చిన ఆటగాడు సీనియర్ల సంచులు మోయాలి. వారు చెప్పిన పాట పాడాలి. వారందరి భోజనం బిల్లూ కట్టాలి. అమెరికా వృత్తి ఫుట్‌బాల్‌లో దశాబ్దాలుగా ఇది వింతగా ఎవరికీ తోచలేదు. అక్కడ దీన్ని ‘హేజింగ్’ అంటారు. తెలుగు పాఠకులకు బాగా పరిచయమైన మాటలో చెప్పాలంటే ర్యాగింగ్.

ఆరడుగులు దాటిన ఎత్తు, 140 కిలోల బరువు, లక్షల డాలర్ల జీతం ఉన్న మనిషిని ఎవరైనా ఏడిపించగలరా అన్న సందేహం సహజం. 2013లో మయామీ డాల్ఫిన్స్ జట్టులో బయటపడిన వ్యవహారం ఆ సందేహానికి సమాధానమిచ్చింది. దేహబలానికీ వేధింపుకు గురికావడానికీ సంబంధం లేదని ఆ వ్యవహారంపై వెలువడిన 144 పేజీల నివేదిక చూపింది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే భారతదేశంలో ఆడే సాకర్ కాదు. శిరస్త్రాణాలు, భుజకవచాలు ధరించి, అండాకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. ఆ దేశంలో అత్యంత ప్రజాదరణ, అత్యధిక ఆదాయం ఉన్న క్రీడ ఇదే. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్)లో 32 జట్లు ఉన్నాయి.

మయామీలో ఏం జరిగింది?

జోనథన్ మార్టిన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి పేరు తెచ్చుకున్నారు. 2012 డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో డాల్ఫిన్స్ జట్టు ఆయనను ఎంచుకుంది. ఆయన స్థానం ‘అఫెన్సివ్ లైన్’. జట్టుకు కీలకమైన క్వార్టర్‌బ్యాక్‌ మీదికి ప్రత్యర్థులు దూసుకురాకుండా గోడలా నిలబడే అయిదుగురి వరుస అది. ఆ అయిదుగురిలో ఒక్కరు తడబడినా గోడ కూలుతుంది. అందుకే జట్టులో అత్యంత సన్నిహితంగా మెలిగే బృందంగా ఈ వరుసను చెబుతారు.

అదే వరుసలో రిచీ ఇన్‌కాగ్నిటో సీనియర్ ఆటగాడు. 2005 నుంచి లీగ్‌లో ఉన్నారు. 2012 సీజన్ ఆటకు ప్రో బౌల్ గౌరవం పొందారు. సహచరులు ఆయనను జట్టు నాయకత్వ మండలికి కూడా ఎన్నుకున్నారు.

2013 అక్టోబరు 28న జట్టు భోజనశాలలో మార్టిన్ పళ్లెం తీసుకుని సహచరుల బల్ల దగ్గర కూర్చోబోతుండగా మిగిలినవారంతా లేచి వెళ్లిపోయారు. చూసేవారికి అది చిన్న ఆటపట్టింపు. కానీ మార్టిన్ పళ్లెం విసిరికొట్టి బయటకు నడిచారు. ఆ తర్వాత చికిత్స కోసం ఆసుపత్రిలో చేరారు. మళ్లీ ఆ జట్టుకు ఆయన ఆడలేదు.

కొద్దిరోజుల్లోనే ఇన్‌కాగ్నిటో అదే ఏడాది ఏప్రిల్‌లో మార్టిన్‌ ఫోనులో వదిలిన వాయిస్ సందేశం బయటికొచ్చింది. అందులో జాతిదూషణ ఉంది, బెదిరింపు ఉంది. మార్టిన్ మిశ్రమ జాతికి చెందినవారు, ఇన్‌కాగ్నిటో శ్వేతజాతీయుడు. నవంబరు 3న జట్టు ఇన్‌కాగ్నిటోను సస్పెండ్ చేసింది. మరి మూడు రోజులకు లీగ్ కమిషనర్ రోజర్ గూడెల్ న్యూయార్క్ న్యాయవాది టెడ్ వెల్స్‌కు స్వతంత్ర విచారణ బాధ్యత అప్పగించారు.

నివేదిక ఏం తేల్చింది?

వెల్స్ నివేదిక 2014 ఫిబ్రవరి 14న వెలువడింది. ఇన్‌కాగ్నిటోతో పాటు జాన్ జెర్రీ, మైక్ పౌన్సీ అనే మరో ఇద్దరు ప్రధాన ఆటగాళ్లు కూడా వేధింపులకు పాల్పడ్డారని అది తేల్చింది. బాధితుడు మార్టిన్ ఒక్కరే కాదు. అదే వరుసలోని మరో యువ ఆటగాడు, జపాన్‌లో పుట్టిన సహాయ ట్రైనర్ కూడా వారి బారిన పడ్డారని పేర్కొంది. ఆ ఇద్దరి పేర్లనూ నివేదిక వెల్లడించలేదు.

మార్టిన్‌ను జాతి పేరుతో కించపరిచారు. ఆయన తల్లినీ సోదరినీ ఉద్దేశించి నోటితో చెప్పరాని మాటలన్నారు. మరో యువ ఆటగాడిని పురుషత్వం పేరుతో నిత్యం గేలిచేశారు. సహాయ ట్రైనర్‌ను ఆయన ఆసియా మూలాన్ని ఎత్తిచూపుతూ అవమానించారు. పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి జరిగిన డిసెంబరు 7వ తేదీన, 2012లో, ముగ్గురు ఆటగాళ్లు ఉదయసూర్యుడి గుర్తున్న జపాన్ తలపట్టీలు కట్టుకుని, ఆ దాడికి ప్రతీకారం తీర్చుకుంటామంటూ ఆయనను ‘సరదాగా’ బెదిరించారు.

ఈ బృందానికి ఒక ‘జరిమానాల పుస్తకం’ ఉండేది. ఆలస్యంగా వస్తే ఇంత, తప్పు చేస్తే ఇంత అని రాసుకునేవారు. మార్టిన్ జట్టును వీడిన తర్వాత ఆయనను ‘విరగ్గొట్టినందుకు’ ఇన్‌కాగ్నిటో తనకు తానే 200 డాలర్ల జరిమానా రాసుకున్నారు. ఆ పుస్తకాన్ని నాశనం చేయమని సహచరుడికి సందేశమూ పంపారు. కానీ విచారణ బృందం చేతికి ఆ పుస్తకం చిక్కింది.

ఇలాంటి ప్రవర్తన ఏ పనిచోటులోనూ ఆమోదయోగ్యం కాదని, మోటుమాటలు మామూలైన ఫుట్‌బాల్ ప్రపంచం కూడా అందుకు మినహాయింపు కాదని నివేదిక స్పష్టం చేసింది. ప్రధాన కోచ్ జో ఫిల్బిన్‌కు ఈ సంగతి తెలుసనడానికి ఆధారాలు దొరకలేదని కూడా చెప్పింది.

‘మేము పడ్డాం, మీరూ పడండి’

హేజింగ్‌కు లాకర్ రూముల్లో వినిపించే సమర్థన ఒకటే. అది అందరూ దాటి వచ్చిన మెట్టు అని, దానివల్ల కొత్తవారిలో అహం తగ్గి జట్టులో కలిసిపోతారని అంటారు. ‘ఒకనాటి కోడలే మరునాటి అత్త’ అన్న తెలుగు సామెత ఈ చక్రాన్ని ఒక్క ముక్కలో చెబుతుంది. నిన్న సంచి మోసినవాడు ఇవాళ మోయిస్తాడు. తాను పడ్డ బాధకు అర్థం ఉందని నమ్మాలంటే ఆ ఆచారం గొప్పదేనని నమ్మక తప్పదు.

ఆచారం హద్దు దాటిన సందర్భాలు మయామీకి ముందూ ఉన్నాయి. 1998లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ శిక్షణ శిబిరంలో కొత్త ఆటగాళ్ల తలలకు దిండుగలీబులు తొడిగి, రెండు వరుసలుగా నిలబడిన సీనియర్ల మధ్య నుంచి పరుగెత్తించారు. నాణేలు నింపిన సంచి దెబ్బ తగిలి క్యామ్ క్లీలాండ్ అనే ఆటగాడి కంటికి తీవ్ర గాయమైంది.

డబ్బు మరో రూపం. 2010లో డాలస్ కౌబాయ్స్‌లో చేరిన డెజ్ బ్రయంట్, సీనియర్ రాయ్ విలియమ్స్ భుజకవచాలు మోయనని చెప్పారు. ఆడటానికి వచ్చానే కానీ మోయడానికి కాదన్నది ఆయన భావం. కొన్ని వారాల తర్వాత సహచరులు ఒక విందులో 54,896 డాలర్ల బిల్లును ఆయన చేతిలో పెట్టారు. నాడు చాలామంది దీన్ని నవ్వుకునే వార్తగానే చదివారు.

అయితే మయామీ వ్యవహారం ఈ చట్రంలో పూర్తిగా ఇమడదు. ‘కొత్తవాడి పరీక్ష’ ఏదో ఒకరోజు ముగుస్తుంది. మార్టిన్ విషయంలో అది రెండో సీజన్‌లోనూ కొనసాగింది. ఆరంభ వేడుక ఏదైనా అందరికీ ఒకేలా ఉండి, ఒక గడువుతో ముగిస్తే దాన్ని ఆచారమనవచ్చునేమో. ఎంపిక చేసిన మనిషిపై, గడువు లేకుండా, అతడి జాతినో కుటుంబాన్నో గురిపెట్టి సాగితే దానికి వేధింపు తప్ప మరో పేరు కుదరదు.

స్నేహంగా కనిపిస్తే వేధింపు కాదా?

ఈ ఉదంతంలో అన్నిటికన్నా చిక్కు ప్రశ్న ఇదే. మార్టిన్, ఇన్‌కాగ్నిటో తరచూ కలిసి తిరిగేవారు. ఇద్దరి మధ్య వందల కొద్దీ సందేశాలు నడిచాయి. వాటిలో చాలా వరకు స్నేహితులు రాసుకున్నట్లే ఉన్నాయి. మార్టిన్ కూడా మోటుగా జవాబిచ్చిన సందర్భాలున్నాయి. ఇన్‌కాగ్నిటో ఆయనను తమ్ముడిలా చూసుకునేవారని పలువురు సహచరులు అప్పట్లో బహిరంగంగా చెప్పారు. ఇన్‌కాగ్నిటో తరఫువారు ఎత్తిచూపిందీ ఇదే.

విచారణ బృందం మాత్రం పనిచోట్ల సంబంధాలను అధ్యయనం చేసే మనస్తత్వ నిపుణుడి సలహా తీసుకుని ఈ ప్రశ్నను పరిశీలించింది. తనను బాధిస్తున్న బలవంతుడితో చెలిమి చేస్తే బాధ తగ్గుతుందని ఆశించడం వేధింపుకు గురైనవారిలో కనిపించే ధోరణేనని భావించింది. ఇష్టంలేని నవ్వు కూడా ఒక రక్షణ కవచం కావచ్చు. నవ్వాడు కాబట్టి నొప్పి లేదనుకోవడం పొరపాటు.

ఆ నొప్పి ఎంత లోతైనదో తల్లిదండ్రులకు మార్టిన్ పంపిన సందేశాలు తెలిపాయి. తిరగబడలేకపోవడం తన బలహీనతేనని, తాను పెరిగిన తీరే అందుకు కారణమని ఆయన తనను తాను నిందించుకున్నారు. 2013లో రెండుసార్లు ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందని విచారణాధికారులకు చెప్పారు. ఆయనకున్న మానసిక కుంగుబాటుకు వేధింపు ఒక్కటే కారణమని నివేదిక అనలేదు. కుంగుబాటును అది తీవ్రం చేసిందన్నది దాని అభిప్రాయం. జరిగినదాన్ని వేధింపు అనాలా, మోటు స్నేహమనాలా అన్న వాదన అమెరికా క్రీడావర్గాల్లో ఆ తర్వాతా ఆగలేదు.

ఎందుకు ఎవరూ నోరు విప్పరు?

డాల్ఫిన్స్‌కు రాతపూర్వక ప్రవర్తనా నియమావళి ఉంది. అయినా మార్టిన్ గానీ, మిగిలిన ఇద్దరు గానీ, చూస్తూ ఉన్నవారు గానీ ఫిర్యాదు చేయలేదు. ఇందుకు మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది ‘జూడాస్’ కట్టుబాటు. బైబిల్‌లో యేసును శత్రువులకు పట్టించిన శిష్యుడి పేరు అది. లోపలి మాట బయట చెప్పినవారిని ఈ బృందం ఆ పేరుతో పిలిచేది, జరిమానా కూడా వేసేది. అంటే వేధింపు కన్నా దాన్ని బయటపెట్టడమే పెద్ద నేరం.

రెండోది ఉద్యోగ భద్రత. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చాలా ఒప్పందాల మొత్తానికి పూర్తి హామీ ఉండదు. సీజన్‌లో ఒక్కో జట్టు జాబితాలో 53 మందికే చోటు. ‘మెతకవాడు’ అన్న ముద్ర పడితే తర్వాతి ఒప్పందమే దక్కకపోవచ్చు. ఫిర్యాదు చేయాల్సింది తన భవిష్యత్తును నిర్ణయించే కోచ్‌కే. ఆటగాళ్ల సంఘానికి వెళ్దామంటే, నిందితుడూ బాధితుడూ ఇద్దరూ అందులో సభ్యులే.

మూడోది పెద్దల ప్రవర్తన. 2012 క్రిస్మస్ సందర్భంగా అఫెన్సివ్ లైన్ కోచ్ జిమ్ టర్నర్ ఆటగాళ్లకు బహుమతులిస్తూ, వేధింపుకు గురవుతున్న ఆ యువ ఆటగాడికి గాలితో నింపే పురుషుడి బొమ్మ ఇచ్చారని నివేదిక పేర్కొంది. ఆటగాళ్లు రోజూ చేసే హేళనలో శిక్షకుడే పాలుపంచుకుంటే ఫిర్యాదు తీసుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి?

చట్టం ఏమంటుంది?

అమెరికాలో చాలా రాష్ట్రాలకు హేజింగ్ నిరోధక చట్టాలున్నాయి. కానీ వాటిలో అత్యధికం విద్యాసంస్థలను దృష్టిలో పెట్టుకుని రాసినవే. 2024 డిసెంబరులో వచ్చిన సమాఖ్య చట్టం కూడా విశ్వవిద్యాలయాలకు సంబంధించినదే. వృత్తి క్రీడాకారుడికి మిగిలేవి పనిచోట వివక్షను నిషేధించే చట్టాలు, లీగ్ సొంత నియమాలు.

భారతదేశంలోనూ పరిస్థితి దాదాపు ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. విద్యార్థిని ఆటపట్టించి అవమానించినా ఆరు నెలల వరకు జైలుశిక్ష వేయవచ్చని అది చెబుతుంది. హిమాచల్‌ప్రదేశ్‌లో వైద్య విద్యార్థి అమన్ కాచ్రూ మరణించిన 2009లోనే విశ్వవిద్యాలయ నిధుల సంఘం దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. ఇవన్నీ కళాశాల గేటు దగ్గర ఆగిపోతాయి. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 క్రీడా సంస్థలకూ స్టేడియాలకూ వర్తిస్తుంది కానీ, పురుష జట్ల లోపలి వేధింపు దాని పరిధిలోకి రాదు.

ఆ లోటు ఊహాజనితం కాదు. 2013లో మద్యం మత్తులో ఉన్న ఒక ఆటగాడు తనను బెంగళూరు హోటల్ 15వ అంతస్తు బాల్కనీ నుంచి వేలాడదీశాడని క్రికెటర్ యజువేంద్ర చాహల్ 2022లో వెల్లడించారు. ఆ సంగతి బయటికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

తర్వాత ఏమైంది?

నివేదిక వెలువడిన అయిదు రోజులకే టర్నర్‌ను, ప్రధాన అథ్లెటిక్ ట్రైనర్‌ను డాల్ఫిన్స్ తొలగించింది. మార్టిన్‌ను 2014 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో 49యర్స్ తీసుకుంది. 2015లోనే ఆయన ఆటకు వీడ్కోలు పలికారు. ఇన్‌కాగ్నిటో 2014 సీజన్‌కు దూరమైనా 2015లో బఫెలో బిల్స్‌లో చేరి, వరుసగా మూడుసార్లు ప్రో బౌల్‌కు ఎంపికయ్యారు. ఒకరి ఆట ముగిసింది, మరొకరి ఆట మళ్లీ వెలిగింది. లాకర్ రూమ్‌లోని యువకులు దీన్నుంచి ఏ పాఠం నేర్చుకుంటారన్నది లీగ్‌కు ఇబ్బందికరమైన ప్రశ్న.

సమస్య వృత్తి క్రీడలో పుట్టేదీ కాదు. 2023 జులైలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం హేజింగ్ ఆరోపణల నేపథ్యంలో ఫుట్‌బాల్ ప్రధాన కోచ్ ప్యాట్ ఫిట్జ్‌గెరాల్డ్‌ను మొదట రెండు వారాలు సస్పెండ్ చేసి, విమర్శలు రావడంతో తొలగించింది. తనకేమీ తెలియదంటూ ఆయన దావా వేశారు. 2025లో అది రాజీతో ముగిసింది. మయామీలో లాగే ఇక్కడా చర్చ ‘కోచ్‌కు తెలుసా, తెలియదా’ అన్నదాని చుట్టూ తిరిగింది. తెలుసుకోవడం ఆయన బాధ్యత కాదా అన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

నియమావళిపై సంతకాలు తీసుకుంటే సరిపోదని మయామీ అనుభవం చెబుతుంది. కోచ్‌తో గానీ జట్టు ఎంపికతో గానీ సంబంధం లేని వ్యక్తికి ఫిర్యాదు చేసే వీలుండాలి. ఫిర్యాదు చేసినవారి స్థానానికి భరోసా ఉండాలి. అన్నిటికన్నా ముందు, పక్కన నిలబడి నవ్వేవారు నవ్వడం మానాలి. భోజనశాలలో ఆ రోజు బల్ల దగ్గర ఒక్కరు కూర్చుని ఉండిపోయినా, మార్టిన్ ఒంటరి అయ్యేవారు కాదు.

(మానసిక సమస్యలకు చికిత్స ఉంది. ఆత్మహత్య ఆలోచనలు వస్తుంటే భారత ప్రభుత్వ టెలి మానస్ ఉచిత సహాయ కేంద్రం నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. కుటుంబ సభ్యులతో, స్నేహితులతో మాట్లాడటం కూడా ముఖ్యం.)