రంగు, మన్ను, నిప్పు: ఆస్గర్ యోర్న్ కళాసాధన

నైరూప్యచిత్రమును జూచినప్పుడు సామాన్యప్రేక్షకుని మనస్సున మొట్టమొదట నుదయించు ప్రశ్న, చిత్రకారు డేమి తలచి దీనిని వ్రాసెనా యనునది. చిత్రము ముందుగా మనస్సునందు సిద్ధమై, పిదప చేతిద్వారమున బట్టమీదికి దిగివచ్చు నను నమ్మిక యీ ప్రశ్నయం దంతర్గతమై యున్నది. డెన్మార్కు దేశీయుడైన ఆస్గర్ యోర్న్ ఈ నమ్మికను నిరాకరించి, వ్రాయుచుండగనే భావము పుట్టునని రంగులతోను మట్టితోను జీవితాంతము నిరూపింప బూనిన కళాకారుడు.

1914 లో జట్లాండు ప్రాంతమున జన్మించి, సిల్కెబోర్గు పట్టణమున పెరిగిన యోర్న్, 1936 లో పారిసు నగరమునకు బోయి, రేఖాశుద్ధికిని నిర్మాణక్రమమునకును పేరొందిన ఫెర్నాన్ లెజే యొద్ద శిష్యుడయ్యెను. ఆ శిక్షణ ముగిసి స్వదేశమునకు మరలిన పిదప, జర్మను సేనలు డెన్మార్కు నాక్రమించియున్న కాలమున, మిత్రులతో గూడి 'హెల్హెస్టెన్' అను పత్రికను నడపుచు, శిశువులు గీసిన బొమ్మలయందును, జానపదకళయందును, పురాతన శిల్పములయందును గానవచ్చు సహజోద్వేగమే కళకు మూలశక్తి యని యాతడు విశ్వసించెను. 1948 నవంబరులో డెన్మార్కు, బెల్జియము, హాలెండు దేశముల కళాకారులు పారిసులో నేకమై స్థాపించిన 'కోబ్రా' సంఘమున కాతడు ముఖ్యులలో నొకడు.

అధివాస్తవికులు సుప్తచేతనను మేలుకొలుప నెంచి, బుద్ధి యదుపు లేని స్వయంచాలిత లేఖనమును ప్రబోధించిరి. యోర్న్ వారినుండి ప్రేరణ పొందెను గాని, భావప్రకటనము కేవల మానసికవ్యాపారము కానేరదనియు, అది శరీరము చేయు క్రియ యనియు, ఆ క్రియయందే యాలోచన రూపు దాల్చు ననియు వాదించెను. కావున నాతని దృష్టిలో కుంచె మనస్సునకు దాసి కాదు. రంగు పారినచోట మనస్సు దానిని వెంబడించును. ఆ మరకలో నొక కన్నో, ముఖమో తోచినచో దానిని నిలుపుటయు, చెఱపుటయు నప్పటి కప్పుడు జరుగు నిర్ణయములు.

ఇట్టి సహజత్వమును త్వరితమని భ్రమింపరాదు. దాదాపు 3 మీటర్ల యెత్తును 5 మీటర్ల వెడల్పును గల 'స్టాలిన్‌గ్రాడ్' చిత్రమును యోర్న్ 1957 లో నారంభించి, పలుమార్లు దానియొద్దకు మరలివచ్చి, పొరమీద పొర వేయుచు, 1972 వరకును దిద్దుచునే యుండెను. తొలి యుద్వేగమును గౌరవించుట యనగా దానికి బందీ యగుట కాదని యీ పదునైదేండ్ల శ్రమ చాటుచున్నది.

మట్టి యట్టి పునరవకాశము నీయదు. క్షయరోగపీడితుడై 1951 లో సిల్కెబోర్గు ఆరోగ్యశాలలో జేరిన యోర్న్, స్వస్థుడైన పిమ్మట నచ్చటి కుమ్మరుల నడుమ మృణ్మయకళ నభ్యసించి, 1954 లో ఇటలీ సముద్రతీరమున తరతరాలుగా కుండల పనికి ప్రసిద్ధమైన అల్బిసోలాకు జేరెను. బంకమన్ను తడిగా నున్నంతవఱకు వ్రేలిముద్ర నైనను విడువక గ్రహించును, ఆరుచో కుంచించుకొనును, మందము సమముగా లేనిచో పగులును. దానిపై పూసిన గాజుపూత ఆవములో, వేయి డిగ్రీల ప్రాంతపు వేడిమిలో కరగిన తరువాత గాని తన నిజవర్ణమును జూపదు. తన సంకల్పమునకు తోడుగా నిప్పు సంకల్పమును గూడ అంగీకరించు వానికే యీ విద్య లొంగును.

ఆర్హూస్ నగరపు పాఠశాలకై 1959 లో సిద్ధమైన మృణ్మయకుడ్య మీ సాధనకు పరాకాష్ఠ. 27 మీటర్ల పొడవును 3 మీటర్ల యెత్తును గల యా కుడ్యమునకై అల్బిసోలాలో నేలమీద మట్టి పఱచి, యోర్న్ దానిని త్రొక్కియు, చీల్చియు, దానిపై స్కూటరు నడపియు రూపకల్పన గావించెను. కాని యా తాండవమునకు వెనుక అల్బిసోలా పనివాండ్ర నైపుణ్యము నిలిచియుండెను. అంతటి మృత్తికారాశిని ఖండములుగా గోసి, ఓర్పుతో నారబెట్టి, ఆవమున గాల్చి, గోడమీద జతపఱచుట వంశపారంపర్యానుభవము గలవారికే సాధ్యము. వారి శాస్త్రజ్ఞానము లేనిచో యోర్న్ యుద్వేగ మావములోనే ముక్కలై యుండెడిది. స్వేచ్ఛకును శిక్షణకును వైరమని తలచువారు ఆర్హూస్ గోడయెదుట నిలిచి చూడవలెను. అందలి ప్రతి సాహసమును ఒక పనివాని జాగరూకత మోయుచున్నది.